హెపటైటిస్ సి: సూది ఒక్కటి మారిస్తే సరిపోదు.. పాలమూరు పల్లెల్లో ఎవరికి రిస్క్ ఎక్కువ?

జ్వరమొస్తే ఒక సూది, నీరసంగా ఉంటే ఒక సెలైన్. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పల్లెల్లో ఇది మామూలే. సూది, సిరంజీ రెండూ కొత్తవైతే భయం లేదు. ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడితే మాత్రం హెపటైటిస్ సి వైరస్ రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది. అది లివర్‌ను ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా దెబ్బతీస్తుంది.

ఎలా సోకుతుంది?

ఇది రక్తం ద్వారా వచ్చే వైరస్. వైరస్ ఉన్న వ్యక్తి రక్తం, కంటికి కనిపించనంత కొంచెమైనా, ఇంకొకరి రక్తంలో కలిస్తే సోకవచ్చు. సూది మార్చి సిరంజీ పాతదే వాడినా సేఫ్ కాదు. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజీలే మళ్లీ వాడటంతో హెపటైటిస్ బి వ్యాపించి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. సి కూడా అదే దారిలో వస్తుంది.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

* ఆర్ఎంపీల దగ్గర, క్లినిక్‌లలో తరచూ ఇంజెక్షన్లు, సెలైన్లు ఎక్కించుకునేవాళ్లు
* 2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్లు. బ్లడ్ బ్యాంకుల్లో ఈ టెస్ట్ తప్పనిసరి అయింది ఆ ఏడాదే
* డయాలసిస్ పేషెంట్లు, తలసేమియా పిల్లలు
* జాతరల్లో, రోడ్డు పక్కన పచ్చబొట్లు వేయించుకున్నవాళ్లు, చెవులు, ముక్కు కుట్టించుకున్నవాళ్లు
* మత్తు ఇంజెక్షన్లకు ఒకే సూది పంచుకునేవాళ్లు
* ఆస్పత్రుల్లో సూది గుచ్చుకునే ప్రమాదమున్న నర్సులు, ల్యాబ్, పారిశుద్ధ్య సిబ్బంది
* హెచ్ఐవీ ఉన్నవాళ్లు

వైరస్ ఉన్న తల్లి నుంచి కడుపులో బిడ్డకు సోకే అవకాశం సుమారు 5 శాతం. లైంగికంగా సోకడం తక్కువే కానీ అసలు లేదని చెప్పలేం. ఒకరి బ్లేడు, రేజర్, టూత్‌బ్రష్ ఇంకొకరు వాడొద్దు.

ఇలా మాత్రం రాదు

కలిసి తిన్నా, ఒకే గ్లాసులో నీళ్లు తాగినా, కౌగిలించుకున్నా, దగ్గినా, తుమ్మినా రాదు. తల్లిపాల ద్వారా కూడా రాదు. కాబట్టి ఇంట్లో ఒకరికి ఉందని కంచం, మంచం వేరు చేయాల్సిన పని లేదు. కలుషిత నీళ్లు, తిండితో వచ్చే కామెర్లు ఎక్కువగా హెపటైటిస్ ఎ, ఇ వల్ల వస్తాయి. అవి వేరు, ఇది వేరు.

పసరు మందుతో తగ్గిందా?

కామెర్లు అనగానే పసరు మందుకు వెళ్లడం మన దగ్గర అలవాటు. హెపటైటిస్ సి సోకినవాళ్లలో చాలామందికి మొదట్లో ఏ లక్షణమూ ఉండదు. కొందరికి కళ్లు పచ్చబడి వాటంతటవే తగ్గిపోతాయి. పసరుతో నయమైందనుకుంటారు, వైరస్ మాత్రం లోపలే ఉండిపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 మందిలో ముగ్గురికి ఆరు నెలల్లోపు వైరస్ దానంతటదే పోతుంది. మిగతా ఏడుగురిలో దీర్ఘకాలం ఉండిపోతుంది. అలాంటి వాళ్లలో 15 నుంచి 30 శాతం మందికి 20 ఏళ్లలో లివర్ గట్టిపడే ముప్పు ఉంది. ఆ తర్వాత క్యాన్సర్ కూడా రావచ్చు. కల్లు, మందు అలవాటు ఉంటే నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది.

టెస్ట్, ట్రీట్‌మెంట్ సంగతేంటి?

ముందు యాంటీబాడీ టెస్ట్ చేస్తారు. అందులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన కంగారు వద్దు. వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందా లేదా అన్నది ఆర్ఎన్ఏ టెస్ట్‌తోనే తేలుతుంది.

హెపటైటిస్ బికి టీకా ఉంది, సికి లేదు. కానీ సికి నయం చేసే మాత్రలున్నాయి. 95 శాతానికి పైగా పేషెంట్లకు పూర్తిగా తగ్గుతుంది. చాలామందికి 12 వారాల కోర్సు సరిపోతుంది. ఇందులో కీలకమైన సోఫోస్‌బువిర్ జెనరిక్‌ను హైదరాబాద్‌కు చెందిన నాట్కో కంపెనీ 2015లోనే మార్కెట్లోకి తెచ్చింది. 2018 జులై 28న కేంద్రం మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం కింద టెస్టులు, మందులు ఉచితం. మీ జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.

ముంబై, పుణె వైపు వలస వెళ్లేవాళ్లు ఆ మాట ముందే డాక్టర్‌కు చెప్పండి. కోర్సు మధ్యలో ఆపితే వైరస్ మళ్లీ లేవొచ్చు. నయమయ్యాక కూడా వాడిన సూది తగిలితే మళ్లీ సోకవచ్చు.

ఇంజెక్షన్ తప్పదంటే ప్యాకెట్ మీ కళ్ల ముందే చింపమనండి. అడగడానికి మొహమాటపడొద్దు. మాత్రతో తగ్గే జ్వరానికి సూది అడగకండి.