కథ చెప్పే చిలుక, అద్దెకు తెచ్చిన నవల

పంజరంలో చిలుకనూ, కాలక్షేపం కథనూ ఒకే ఇంట్లో కూర్చోబెట్టిన పుస్తకం హైదరాబాద్ నేల మీద ఎప్పుడో పుట్టింది. గోలకొండ ఆస్థాన కవి గవ్వాసీ 1639లో దక్కనీలో 'తూతీనామా' రాశాడు. మగడు ఊళ్లో లేని ఇల్లాలు గడప దాటబోతే పెంపుడు చిలుక రాత్రికో కథ మొదలుపెట్టి ఆమెను ఆపేస్తుంది. ఈ కథల మూలం సంస్కృతం. పారసీ మీదుగా దక్కనీకి వచ్చాయి. తెలుగులో పాలవేకరి కదిరీపతి 'శుకసప్తతి' రాశాడు. చిలుక చెప్పేవి చాలావరకు రంకు కథలే. నీతి పేరు చెప్పి వాటిని వినడంలో ఉన్న మజా మనవాళ్లకు బాగానే తెలుసు.

వినే కథ చదివే పుస్తకంగా మధ్యతరగతి ఇంటికి చేరడానికి చాలాకాలం పట్టింది. 1891లో మొదలైన ఆసఫియా గ్రంథాలయానికి అరబీ, పారసీ, ఉర్దూ గ్రంథాల వల్లే పేరు. తెలుగు చదువరికి చోటు దొరికింది కోఠిలో. 1901 సెప్టెంబర్ 1న రెసిడెన్సీ బజారులోని రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఆరంభమైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు వెన్నుదన్నుగా నిలిచారు. రెసిడెన్సీ బజార్లు 1933 దాకా నిజాం చేతిలో కాక బ్రిటిష్ అధికారం కింద ఉండేవి. నిలయం పాత నగరంలో కాక ఇక్కడ పుట్టడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం. 1906లో ఈ మిత్రులే విజ్ఞాన చంద్రికా మండలి అనే ప్రచురణ సంస్థ పెట్టారు. దాని మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన లింకన్ చరిత్ర. వాళ్లకు కావలసింది జ్ఞానం. సరదా సంగతి వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు.

సరదాను తెచ్చింది ఆడవాళ్లే అంటాను. 1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో బాలికలకు తెలుగు మాధ్యమంలో బడి పెట్టారు. అక్షరం వచ్చిన ఆడపిల్లలు ఊళ్లలో, పట్నాల్లో పెరిగేకొద్దీ నవలకు ఇళ్లలో గిరాకీ పుట్టింది. తర్వాతి దశాబ్దాల్లో వీధి మలుపుల్లో అద్దె పుస్తకాల షాపులు వెలిశాయి. కాస్త డిపాజిట్ కట్టి, రోజుకింత చొప్పున చెల్లించి యద్దనపూడి సులోచనారాణి నవలో, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివో తెచ్చుకునేవాళ్లు. గడువు దాటితే అద్దె పెరిగేది కాబట్టి ఒక పుస్తకాన్ని ఇంట్లో నలుగురూ వంతులేసుకుని ఒక్క రోజులో ముగించేవాళ్లు. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి బైండు చేయించుకున్నవాళ్లు ఇంకా గట్టి పాఠకులు. ఆ బైండ్లలో ఏదో ఒక వారం తప్పకుండా లోపించి ఉంటుంది. టీవీ వచ్చాక ఆ షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

ఇక చిలుక దగ్గరికి వస్తే, పెంపుడు ప్రాణుల కథలో మలుపు చట్టంతో వచ్చింది. చార్మినార్ దగ్గరి ముర్గీచౌక్‌లో కోళ్లు, పావురాలు, పంజరం పిట్టలు అమ్మడం పాత వ్యాపారం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాతి సవరణల వల్ల మన రామచిలుకను ఇంట్లో పెంచడం నేరమైంది. కథలు చెప్పిన జాతికి పంజరం తప్పినందుకు నాకు సంతోషమే. దాని చోటు ఆస్ట్రేలియా మూలంగా గల బడ్జీ పిట్టలకు, గాజుతొట్టిలోని గప్పీ చేపలకు దక్కింది.

మళ్లీ పుస్తకాల వైపు చూస్తే, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఇప్పుడు పోటీ పరీక్షల అభ్యర్థులతో నిండి ఉంటుంది. చాలామంది తమ పుస్తకాలే సంచిలో తెచ్చుకుని కుర్చీ కోసం పొద్దున్నే వస్తారు. పక్కనే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఉద్యోగం వచ్చేదాకా నవల ముట్టకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఆ హాస్టళ్ల ఇరుకు గదిలో కుక్కకూ పిల్లికీ వీల్లేదు. ఫైటర్ చేపకు మాత్రం వీలుంది: నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చగలదు కనుక పంపు లేకున్నా బతుకుతుంది. అలాగని దాన్ని హార్లిక్స్ సీసాలో కుక్కడం న్యాయం కాదు, కాస్త పెద్ద తొట్టి కావాలి.