ఎస్‌ఎంఏ బాధిత పిల్లలకు విరాళ నిధులు (హైదరాబాద్)

స్పైనల్ మస్క్యులర్ ఆట్రోఫీ (ఎస్‌ఎంఏ) పుట్టుకతో వచ్చే జన్యువ్యాధి. ఎస్‌ఎంఎన్‌1 జన్యువులో లోపం వల్ల కండరాలను కదిలించే నాడీకణాలు వెన్నుపాములో చనిపోతాయి. తీవ్రమైన రకంలో పసిబిడ్డకు మెడ నిలవదు, కూర్చోవడం రాదు. ఊపిరి తీయడమూ కష్టమే.

ఈ వ్యాధికి ఖరీదైన మందులు రాకముందు హైదరాబాద్‌లో కదలికలు సరిగా లేని పిల్లలకు దాతల సాయమంటే ఎక్కువగా పోలియో కాళ్లకు కాలిపర్లు, సెరిబ్రల్ పాల్సీకి ఫిజియోథెరపీ. 1977లో డాక్టర్ పి. హనుమంతరావు సికింద్రాబాద్‌లో స్థాపించిన స్వీకార్ ఆ తరం సంస్థ. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలన్న నిబంధన వచ్చింది. ఐటీ కంపెనీలున్న నగరానికి ఇది కొత్త నిధి. అయితే ఆ సొమ్ము ఎక్కువగా సంస్థలు నడిపే కార్యక్రమాలకే వెళ్తుంది. ఒక్క బిడ్డ చికిత్సకు అందడం అరుదు.

2019 మేలో అమెరికా ఆమోదించిన జోల్‌జెన్‌స్మా ఎస్‌ఎంఏకు ఒకేసారి ఇచ్చే జన్యు చికిత్స. అప్పటి ధర 21.25 లక్షల డాలర్లు, అంటే దాదాపు 16 కోట్ల రూపాయలు. ఏ మధ్యతరగతి ఇంటికైనా అది అందని మొత్తం. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడి కోసం ఆన్‌లైన్‌లో చందాలు మొదలయ్యాయి. వాట్సాప్ గ్రూపుల్లో లింకులు తిరిగాయి, సినీ, క్రికెట్ ప్రముఖులు తోడయ్యారు. 60 వేల మందికి పైగా డబ్బు పంపారు. కేంద్రం దిగుమతి పన్నులను మాఫీ చేసింది. ఆ జూన్‌లో సికింద్రాబాద్ రెయిన్‌బో ఆసుపత్రిలో మందు ఎక్కించారు.

ఈ విజయాన్ని తక్కువ చేయలేం గానీ, చందాల పద్ధతిలో లోటు ఉంది. పదిమందికి చేరేలా చెప్పుకోగల కుటుంబానికే చందాలు వస్తాయి. పైగా బిడ్డ వయసు, బరువు పెరిగేకొద్దీ ఈ మందుకు అర్హత పోతుంది; చందా అంతలోపు పూర్తి కావాలి.

2021 మార్చిలో జాతీయ అరుదైన వ్యాధుల విధానం వచ్చింది. దాని కింద నిజామ్స్ ఆసుపత్రి (నిమ్స్)తో కలిసి డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ హైదరాబాద్‌లో ఈ వ్యాధులకు గుర్తింపు పొందిన కేంద్రమైంది. 2022 మేలో ఒక్కో రోగికి సాయం 50 లక్షల రూపాయల వరకు పెంచారు. 16 కోట్ల ముందు అది చిన్న మొత్తమే.

చందాలు చేయలేని పనిని కొంతవరకు ధర తగ్గడం చేసింది. రోజూ నోటితో తీసుకునే ఎస్‌ఎంఏ మందు రిస్‌డిప్లామ్‌ను రోష్ సంస్థ సీసా 6 లక్షల రూపాయలకు పైగా అమ్మేది. పేటెంట్ వివాదంలో కోర్టులు అడ్డు చెప్పకపోవడంతో హైదరాబాద్‌కు చెందిన నాట్కో 2025 అక్టోబర్‌లో జెనరిక్‌ను 15,900 రూపాయలకు తెచ్చింది.