మర్మగోవా రేవులో నడివయసు సాహసికులు

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట పాశ్చాత్య చలనచిత్రములందు ఒక విలక్షణమైన వీరవర్గము అవతరించినది. క్రమశిక్షణకు లొంగనివారు, అధికారులచే తిరస్కరింపబడినవారు, ఒక్కొక్కప్పుడు ఉరిశిక్షకు ఎదురుచూచుచున్న నేరస్థులు సైతము చిన్న దళముగా కూడి, శత్రువు ఏలుబడిలోని నేలపై రహస్యముగా అడుగిడి, మహాసైన్యములకు అసాధ్యమైన కార్యమును సాధించుట ఆ కథల సారము. 1961లో వెలువడిన ‘ది గన్స్ ఆఫ్ నవరోన్’ ఈ త్రోవను రాజమార్గముగా జేసినది. 1967లో రాబర్ట్ ఆల్డ్రిచ్ తీసిన ‘ది డర్టీ డజన్’ పన్నెండుమంది సైనిక ఖైదీలనే కథానాయకులుగా నిలిపినది. అయితే నవరోన్ ద్వీపమే కల్పితము. ఆ పన్నెండుమంది సాహసయాత్రయు కల్పితమే. వీరులు కాగలరని ఎవ్వరును తలపనివారి యథార్థగాథను ఆధారముగా గైకొన్న చిత్రము 1980 నాటి ‘ది సీ వూల్వ్స్’. ఆ గాథ జరిగిన తావు మన దేశపు పడమటి తీరము.

1939లో యుద్ధము మొదలైనప్పుడు ఎరెన్‌ఫెల్స్, బ్రౌన్‌ఫెల్స్, డ్రాకెన్‌ఫెల్స్ అను మూడు జర్మను వర్తకనౌకలు బ్రిటిషువారి చేత చిక్కకుండుటకై, తటస్థరాజ్యమైన పోర్చుగల్లు పాలనలోనున్న గోవాకు వచ్చి మర్మగోవా రేవులో లంగరు దించెను. పిదప ఆన్‌ఫోరా అను ఇటలీ నౌకయు వాని సరసన చేరెను. హిందూ మహాసముద్రమున మిత్రరాజ్యముల నౌకలు జర్మను జలాంతర్గాముల పాలగుచుండగా, ఎరెన్‌ఫెల్స్‌లో దాచియుంచిన రేడియో యంత్రమే వాని రాకపోకలను శత్రువునకు చేరవేయుచున్నదని బ్రిటిషు రహస్యశాఖ నమ్మినది. సముద్రభయము ఆనాడు ఊరక పుట్టినది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు కురిపించిన సంగతి మన తీరవాసులు మరువరానిది.

ఎరెన్‌ఫెల్స్‌ను పట్టుకొనుటకై తటస్థదేశపు రేవులోనికి సైన్యమును నడిపించినచో అంతర్జాతీయ న్యాయమునకు భంగము. కావున ఆ రహస్యశాఖకు చెందిన కర్నల్ లూయిస్ ప్యూ సైన్యమునకు వెలుపల మనుష్యులను వెదకి, కలకత్తా లైట్ హార్స్ అను స్వచ్ఛంద అశ్వికదళమును ఆశ్రయించెను. బోయరు యుద్ధానంతరము రణరంగమెరుగని దళమది. కంపెనీల యజమానులు, వర్తకులు అయిన కలకత్తా దొరలు, వయసు మళ్లినారని సైన్యము కాదన్నవారు, సాయంకాలములు క్లబ్బులో గడుపువారు అందలి సభ్యులు. కలకత్తా స్కాటిష్ దళము నుండి వచ్చిన నలుగురితో కలిసి పదునెనిమిదిమంది సిద్ధపడిరి. వేతనము లేదు, వెళ్లు చోటు ఇంటివారికైనను చెప్పరాదు.

వారికి దొరికిన నౌకను గూర్చి కొంత చెప్పక తీరదు. ఫీబీ యనునది హుగ్లీనదిలో తవ్విన పూడికమట్టిని మోసికొనిపోయి పారబోయు బార్జి. మహాసముద్రపు అలలకు తాళుటకై కట్టినది కాదు. వేగము లేదు, వంపుసొంపులు లేవు. అది కలకత్తా నుండి వెడలి తూర్పుతీరము వెంట దిగి, సింహళమును చుట్టి కొచ్చికి చేరగా, రైలులో వచ్చిన దొరలు అక్కడ దానినెక్కిరి. యుద్ధనౌకలను వెదకు కన్నులు మట్టిపడవను అనుమానింపవు గదా!

1943 మార్చి 9 రాత్రి ఇతర నౌకల నావికులు ఒడ్డునకు పోవునట్లు పట్టణమున విందులు ఏర్పాటు చేయబడెను. ఫీబీ చీకటిలో ఎరెన్‌ఫెల్స్ ప్రక్కకు జేరినది. ఆఫీసు బల్లలకు అలవాటుపడిన చేతులు నిచ్చెనలను పట్టుకొని ఆ ఎత్తైన ఓడగోడ నెక్కినవి. పోరులో జర్మను కప్తాను మరణించెను. ఓడ శత్రువునకు దక్కరాదని నావికులు ముందే సిద్ధపరచుకొన్న ప్రకారము నిప్పంటించి, నీటికవాటములు తెరచిరి. ఆ మంటలు చూచిన తక్కిన మూడు నౌకలవారును తమ ఓడలను తామే ముంచుకొనిరి. దాడిచేసినవారిలో ఒక్క ప్రాణమైనను పోలేదు. ఈ కార్యమునకు వారికి పతకములు రాలేదు; 1947లో దళమే రద్దయ్యెను. 1978లో జేమ్స్ లీసర్ ‘బోర్డింగ్ పార్టీ’ అను గ్రంథమును వెలువరించు వరకు లోకమునకు ఈ కథ తెలియదు.

ఆ గ్రంథమును తెరకెక్కించిన దర్శకుడు ఆండ్రూ మెక్‌లాగ్లెన్. సంభాషణలు వ్రాసినవాడు ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ కర్త రెజినాల్డ్ రోజ్. నవరోన్ కొండలనెక్కిన గ్రెగరీ పెక్, డేవిడ్ నివెన్‌లే పందొమ్మిదేండ్ల పిమ్మట ఇందు ప్యూగాను, దళాధిపతి గ్రైస్‌గాను నటించిరి. ముడుతలు పడిన ఆ ముఖములే చిత్రమునకు ప్రాణము. నిచ్చెన మెట్టుమెట్టునకు ఆయాసపడు వృద్ధుని శ్వాసలో నాకు కనిపించిన శౌర్యము, ఖైదీల పొగరులో కనిపించలేదు.

అయినను చిత్రమున ఒక పెద్ద లోపమున్నది. తటస్థుల రేవులో ఆయుధములతో చొరబడుట ధర్మమా అను ప్రశ్నను కథ తేలికగా దాటిపోయినది. గోవా ప్రజలు కేవలము ఉత్సవపు గుంపుగానే కనిపింతురు. తమ నీటిలో నాలుగు ఓడలు మునిగిన ఆ ఊరివారి గోడును వినిపించియుండిన యెడల ఈ చిత్రము తన జాతిలో సాటిలేనిదయ్యెడిది. ఈ తరహా చిత్రములలో ఒక్కదానినే చూడగోరు పాఠకులు దీనినే చూడవలెను. చూచునప్పుడు ఆ ప్రశ్నను మాత్రము విడువరాదు.