మన బల్ల మీది మాటలే

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, వేతన సవరణ సంఘాల చరిత్ర వ్రాద్దామా అనుకున్నాను. అది మనకందరికీ కంఠతా వచ్చు. కనుక మరో చరిత్ర వ్రాస్తున్నాను. కంప్యూటరు మాటల చరిత్ర. నవ్వకండి. ఆ మాటల్లో సగం మన ఆఫీసుల్లోంచి పోయినవే.

1972లో, సర్వీసు కమిషను ఉద్యోగం రాకముందు, హైదరాబాదు నారాయణగూడలో ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. నాతోపాటు ఉన్న మిత్రుడు జనాభా లెక్కల కార్యాలయంలో పనిచేసేవాడు. అతని హోదా ఏమిటో తెలుసా? కంప్యూటరు! ఇంగ్లీషులో చివర ‘ఇ’ బదులు ‘ఓ’ వ్రాసేవారు, అంతే తేడా. పొద్దున్నే టిఫిను క్యారియరు పట్టుకుని వెళ్లి, 1971 లెక్కల పట్టికలను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కూడి, రెండు మొత్తాలూ సరిపోయాయని పొట్టి సంతకం పెట్టి సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. పెళ్లిచూపులలో పిల్ల తండ్రి ‘కంప్యూటరు అంటే గుమాస్తాయేనా బాబూ?’ అని అడిగాడట. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ కలిసినప్పుడు, ‘నా మొదటి ఉద్యోగం కంప్యూటరు అని చెబితే నవ్వుతున్నారోయ్, మా ఆవిడతో సహా’ అని వాపోయాడు.

నిజానికి ఆ మాట మొదట మనిషిదే. లెక్క కట్టేవాడు అని అర్థం. మన దేశంలో భూమిని కొలిచిన గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వేలో కంప్యూటర్లు ఉండేవారు. 1831లో ఆ ఉద్యోగంలో చేరిన బెంగాలీ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దార్ తరువాత ప్రధాన కంప్యూటరు అయ్యారు. పదిహేనవ నంబరు శిఖరం ఎత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. ఆ లెక్కలలో ముఖ్యమైన చెయ్యి ఆయనదేనని చెబుతారు. శిఖరానికి మాత్రం దొరగారి పేరు పెట్టారు, ఎవరెస్టు అని. (ఆ ఎవరెస్టు దొర సర్వే పనిలోకి దిగింది మన హైదరాబాదు ప్రాంతంలోనే. కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో జ్వరం తగిలి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు.) గుమాస్తా లెక్క కట్టడం, అధికారి పేరు రావడం మనకు కొత్త కాదు గనుక ముందుకు సాగుతాను.

1946లో అమెరికాలో ఎనియాక్ అనే పెద్ద యంత్రాన్ని లోకానికి చూపించారు. దానిని నడిపించడానికి ఎంపిక చేసిన ఆరుగురు స్త్రీలూ అంతకు ముందు చేత్తో లెక్కలు కట్టిన కంప్యూటర్లే. ఆ తరువాత పేరు యంత్రానికి పోయింది, మనుషులు ఆపరేటర్లయ్యారు.

ఇక టైపు మిషను సంగతి. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే నా వేళ్లకు ఆ జ్ఞాపకం ఇంకా ఉంది. హయ్యరు పరీక్ష ప్యాసైన వాణ్ణి. నా మనవడు వాళ్ల ల్యాప్‌టాపు మీద ‘షిఫ్టు’ అనే మీట నొక్కుతూ, ‘ఇది దేన్ని షిఫ్టు చేస్తుంది తాతయ్యా?’ అని అడిగాడు. వాడికేం తెలుసు! మిషనులో ఆ మీట నొక్కితే లోపలి ఇనుము నిజంగానే జరిగేది, చిటికెన వేలు నొప్పి పుట్టేది. 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండో నంబరు మిషనుతో ఆ సౌకర్యం మొదలైంది. ‘రిటర్న్’ అంటే వరుస చివర గంట మోగగానే క్యారేజీని ఎడమచేత్తో తోసి మొదటికి తేవడం. ‘ట్యాబ్’ అంటే జీతాల బిల్లులో గడులు తప్పకుండా అంకెలు కొట్టడానికి పెట్టుకునే ట్యాబులేటరు. ఇప్పుడు క్యారేజీ లేదు, గంట లేదు. మాటలు మాత్రం మీటల మీద ఉండిపోయాయి. మన గోద్రెజ్ వారు కూడా 2009లో టైపు మిషన్ల తయారీ ఆపేశారు.

ఈ-మెయిలులో ‘సి.సి.’ అని రెండక్షరాలు ఉంటాయి. కార్బన్ కాపీ! నాలుగు కాపీలకు మూడు కార్బన్లు పెట్టి, అడుగు ప్రతి కనబడాలని మీటలను సుత్తితో కొట్టినట్టు కొట్టి, తప్పు పడితే నాలుగింటినీ విడివిడిగా రబ్బరుతో చెరిపిన వాళ్లం మనం. ఇంటికి వెళ్తే చొక్కా జేబు దగ్గర నీలిమచ్చలు చూసి ఆడవాళ్లు తిట్టేవారు. నేటి కుర్రవాడు కార్బన్ కాగితాన్ని కంటితో చూసి ఉండడు. రోజూ పదిమందికి సి.సి. పెడుతున్నాడు.

‘ఎట్ ది రేట్’ కూడా అలాంటిదే. బస్తాలు పది, ఒక్కొక్కటి నలభై అయిదు రూపాయల చొప్పున అని బిల్లులో వేయడానికి ఆ గుండ్రటి గుర్తు వాడేవాళ్లం. 1971లో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు దానిని ఈ-మెయిలు చిరునామాకు తీసుకున్నాడు. ఇంగ్లీషు వాళ్లు దాన్ని ఊరికే ‘ఎట్’ అంటారు. మనవాళ్లు మాత్రం నేటికీ ‘ఎట్ ది రేట్’ అనే చదువుతారు. ఈ ఒక్క విషయంలో కిరాణా కొట్టు గెలిచింది.

ఫైలు, ఫోల్డరు, డెస్క్‌టాపు మాటల పుట్టుక చూడండి. వీధి చివర జిరాక్సు కొట్టుకు పేరిచ్చిన కంపెనీ 1981లో స్టార్ అనే యంత్రాన్ని తెచ్చింది. దాని తెరమీద కాగితాలు, ఫోల్డర్లు, ఫైలు సొరుగులు, వచ్చే తపాలు బుట్ట, పోయే తపాలు బుట్ట అన్నీ బొమ్మలుగా పెట్టారు. గుమాస్తాకు బల్లమీద ఏం కనబడుతుందో అదే తెరమీద కనబడితే బెదరడని వాళ్ల ఊహ. మంచి ఊహే. ‘కట్’, ‘పేస్టు’ అన్నవి కూడా ఆ కంపెనీ పరిశోధనశాలలోనే 1970ల నడుమ ల్యారీ టెస్లర్ బృందం కుదిర్చిన పద్ధతి. కత్తెర, జిగురు సీసా మనవే.

మరి మన బల్లమీది మాటలే అయినప్పుడు మనకెందుకు ఇంత చిరాకు? నేను చాలాకాలం ఆలోచించాను. మాట కష్టమై కాదు. మాట నేర్చుకున్న తరువాత మార్చేస్తున్నారు, అందుకు.

1980ల చివరలో కలెక్టరు కార్యాలయాలకు నిక్ వారి కంప్యూటర్లు వచ్చాయి. చల్లటి గది, చెప్పులు బయట విడవాలి. ఫైళ్లు ఉండే చోటును అప్పుడు ‘డైరెక్టరీ’ అనేవారు. నాకు టెలిఫోను డైరెక్టరీ తప్ప మరొకటి తెలియదు. కష్టపడి నేర్చుకున్నాను. వర్డ్‌స్టార్‌లో కొన్ని వాక్యాలకు గుర్తు పెట్టడాన్ని ‘బ్లాకు’ అనేవారు, బ్లాకును జరిపేవాళ్లం. అదీ నేర్చుకున్నాను. 1995లో విండోస్ కొత్త రకం వచ్చింది, డైరెక్టరీ కాస్తా ‘ఫోల్డరు’ అయింది. ‘ప్రోగ్రాము’ అన్నది ‘అప్లికేషను’ అయింది. మన లెక్కలో అప్లికేషనంటే అర్జీ, సెలవు చీటీ! అదీ ఫోనులోకి వచ్చేసరికి తోక తెగి ‘యాప్’ అయింది. ఇక బ్లాకు అంటే ఇప్పుడు అల్లుడు మామగారి నంబరును చేసే పని.

చెత్తబుట్ట సంగతి ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. మనకు డి.డిస్. అంటే పదేళ్లు ఉంచి చింపెయ్యాలి, ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాలి. ఎంత స్పష్టం! ఇక్కడ ‘డిలీట్’ అంటే పోదు, బుట్టలోకి పోతుంది. బుట్టలోంచి తీసి పారేసినా పోలేదని, తెలిసినవాడు బయటికి లాగగలడని అంటారు.

ఇక నన్ను నిజంగా బాధించిన సంగతి. ఇది వ్రాయాలా వద్దా అని తటపటాయించాను.

మా సెక్షనులో నాతో పనిచేసి పోయిన మిత్రుడి భార్య కుటుంబ పింఛనుదారు. ఏటా నింపవలసిన ఒక పత్రాన్ని మూడేళ్లు మా ఇంట్లో కంప్యూటరు మీద నేనే నింపిపెట్టాను. చివర ‘సేవ్’ నొక్కితే ఒక నంబరు వచ్చేది, పని అయిపోయేది. నాలుగో ఏడు, అంటే 2022లోనూ, అలాగే నింపి ‘సేవ్’ నొక్కాను. ‘మీ వివరాలు సేవ్ అయ్యాయి’ అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ‘అయిపోయిందమ్మా’ అన్నాను. వాళ్ల పెరట్లో జామకాయలు ఇచ్చి వెళ్లింది.

మూడో నెలలో గాని నాకు తెలియలేదు, ఆమె పింఛను ఆగిపోయిందని. మొదటి నెల ఆఫీసు ఆలస్యమనుకుందట. రెండో నెల షుగరు మాత్రలకు పక్కింటావిడ దగ్గర అప్పు చేసిందట. నాకెందుకు చెప్పలేదని అడిగితే, ‘మీరు చేశారు కదా అని ధైర్యంగా ఉన్నాను అన్నయ్యగారూ’ అంది. ఆ మాటకు తల ఎత్తలేకపోయాను.

ఇద్దరం కలిసి వెళ్తే, కౌంటరులోని కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు. ‘సేవ్ చేశారు గానీ సబ్మిట్ చెయ్యలేదు సార్. ఈసారి తెర మార్చారు. సేవ్ అంటే డ్రాఫ్టే కదండీ!’ అన్నాడు.

డ్రాఫ్టే కదండీ! ముప్ఫై ఏళ్లకు పైగా సర్వీసు చేసి 2008లో సూపరింటెండెంటుగా దిగిన వాడితో అంటున్నాడు. డ్రాఫ్టు వేరు, ఫెయిర్ కాపీ వేరు, డిస్పాచ్ వేరు అని ఎంతమంది జూనియర్లకు నేను క్లాసు పీకానో! నోటు చివర ‘ఉత్తర్వులకై సమర్పించడమైనది’ అని వ్రాయనిదే ఫైలు కదలదని నాకు తెలియదా? ‘డ్రాఫ్టు’ అని తెరమీద ఉంటే తెలిసేది. పోయిన ఏడాది ‘అయిపోయింది’ అని చెప్పిన మాటే ఈ ఏడాది ‘ఇంకా కాలేదు’ అని చెబుతుంటే ఎలా కనిపెట్టను? నా తప్పు లేదని అనను. చివర నంబరు వచ్చిందా లేదా అని చూసుకోవలసింది. చూసుకోలేదు.

మన ప్రభుత్వమూ పేర్లు మార్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తహసీల్దారు మండల రెవెన్యూ అధికారి అయ్యాడు, కొన్నాళ్లకు మళ్లీ తహసీల్దారే అయ్యాడు. ఎల్.డి.సి.గా ఉన్నవాణ్ణి జూనియరు అసిస్టెంటుననిపించుకున్నాను. అయితే దేనికైనా ఒక జి.వో. వచ్చేది. ‘ఫలానా అను పదములకు బదులుగా ఫలానా అను పదములు చేర్చవలెను’ అని తేదీతో సహా ఉండేది. నోటీసు బోర్డుకు అంటించేవాళ్లం. తెరమీది మాట మారితే ఏ జి.వో. లేదు. రాత్రి పడుకుని పొద్దున్నే లేచేసరికి మారి ఉంటుంది.

ఇంత కోపంగా వ్రాస్తున్నానుగానీ, ఒక రైతు గుర్తొస్తున్నాడు. 1976లో తాలూకా ఆఫీసులో శిస్తు బకాయి నోటీసు చేత్తో పట్టుకుని వచ్చాడు. అందులో 1385 ఫసలీ అని ఉంది. ఫసలీకి 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తుందని మనకు తెలుసు. ఆయనకు తెలియదు. అంకెలు మాత్రం చదవగలడు. ‘బాబూ, నాకే ఏభై ఏళ్లు లేవు. ఆరొందల ఏళ్ల కిందటి బాకీ నన్నడుగుతారేమిటి?’ అన్నాడు. సెక్షనంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. నోటీసు మడిచి పంచెలో దోపుకుని నిలబడ్డాడు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పి ఉండవచ్చు. నేనైతే చెప్పలేదు.

ఆ తరువాత నాలుగో నెలలో వదినగారి పింఛను బకాయిలతో సహా జమ అయింది. అప్పటినుంచి నేనొక రిజిస్టరు మొదలుపెట్టాను. పాత జమాఖర్చుల పుస్తకంలో మిగిలిన కాగితాలే. మొదటి గడిలో పాత మాట, రెండో గడిలో కొత్త మాట, మూడో గడిలో నేను గమనించిన తేదీ. ‘సేవ్ — డ్రాఫ్టు మాత్రమే. సబ్మిట్ — సమర్పణ. నంబరు రానిదే లేవరాదు’ అన్నది మొదటి పద్దు. నెలవారీ సమావేశానికి తెస్తున్నాను, కావలసినవారు చూసి వ్రాసుకోవచ్చు. మీకు తెలిసినవి చెబితే చేర్చుతాను.

మొన్న పత్రం నింపడానికి వదినగారు మళ్లీ వచ్చారు. ఈసారి ఒక చిన్న నోటుపుస్తకం, కళ్లజోడు తెచ్చుకున్నారు. సబ్మిట్ నొక్కాక, ‘నంబరు వచ్చిందా అన్నయ్యగారూ? కాగితం మీద వ్రాసివ్వండి’ అన్నారు. వ్రాసిచ్చాను. ఆవిడ కుర్చీ తెర దగ్గరకు జరుపుకుని, తెరమీది అంకెలనూ నా అంకెలనూ ఒక్కొక్కటిగా పైకి చదివి సరిచూసుకున్నారు. నా మిత్రుడు బిల్లు సరిచూసేటప్పుడు అలాగే పైకి చదివేవాడు. ఆఖరి అంకె కూడా సరిపోయాకనే సంచిలోంచి జామకాయలు బయటికి తీశారు.