ఊర్మిళాదేవి నిద్ర

సీత నాగేటిచాలులో లభించిన బిడ్డ. ఊర్మిళ జనక మహారాజునకు కన్నకూతురు. మిథిలలో ఒకే ముహూర్తమున అక్క రామునికి, చెల్లెలు లక్ష్మణునికి ఇల్లాండ్రైనారు. వాల్మీకి రామాయణమున బాలకాండ దాటిన పిమ్మట ఊర్మిళ పేరు అరుదుగా తప్ప వినబడదు. అరణ్యమునకు బయలుదేరునపుడు లక్ష్మణుడు తల్లి సుమిత్రకు నమస్కరించి ఆశీస్సులందుకొనెను. భార్యకు ఏమి చెప్పెనో, అసలు చెప్పెనో లేదో, ఇరువది నాలుగు వేల శ్లోకాలలో ఎచటా లేదు.

ఈ మౌనమును పూరించినవారిలో తెలుగు స్త్రీలు ముఖ్యులు. 'ఊర్మిళాదేవి నిద్ర' అను పాట తరతరములుగా మన ఇండ్లలో నోటినుండి నోటికి సాగివచ్చినది. కృష్ణశ్రీ సంకలనపరచగా 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రచురించిన 'స్త్రీల రామాయణపు పాటలు' గ్రంథమున ఇట్టి పాటలు చోటు చేసుకొన్నవి. వెల్చేరు నారాయణరావు 1991లో ఆంగ్లమున ప్రచురించిన వ్యాసము ద్వారా అవి ఇతర దేశముల పండితులకును పరిచయమైనవి.

పాటలో ఊర్మిళ తానును వనవాసమునకు వత్తునని కోరును. లక్ష్మణుడు వారించును. అతడు పదునాలుగేండ్లు మేల్కొని యుండగా, ఆమె పదునాలుగేండ్లు నిద్రించును. వాల్మీకంలో గంగాతీరమున గుహుడు పడక చూపినను లక్ష్మణుడు ఆ రాత్రి పరుండక అన్నకు కావలి కాచిన ఘట్టము కలదు. దాని నుండియే ఈ ఊహ మొలకెత్తినదేమో. నిద్రాహారములు మానినవాని చేతనే ఇంద్రజిత్తునకు మరణమను కథ వాల్మీకంలో లేదు, తరువాతి రామాయణములలోనిది. ఆ కథనమునే నమ్మినచో, ఇంద్రజిత్తు వధలో ఊర్మిళకును సగపాలు ఉన్నది. కిరీటము మాత్రం ఆమెకు ఎవరును పెట్టలేదు.

పాటలో అసలు రసవద్ఘట్టము మేల్కొలుపు. అయోధ్యకు తిరిగి వచ్చిన పిమ్మట ఊర్మిళను తలచినది సీతయే. ఆమె మాట మీదనే లక్ష్మణుడు అంతఃపురమునకు వెళ్ళును. కన్నులు తెరచిన ఊర్మిళ భర్తను గుర్తించదు! ఎవరో పరపురుషుడని బెదరి, మా తండ్రికి తెలిసిన నిన్ను శిక్షించును, మా అక్కయు బావయు నిన్ను బ్రతుకనీయరు అని గద్దించును. పరసతిని కోరి ఇంద్రుడు ఏమైనాడో, రావణుడు ఏమైనాడో గుర్తుచేయును. పదునాలుగేండ్లు నిద్రలోనున్న ఆమెకు రావణుని సంగతి ఎట్లు తెలిసినదని పిల్లలు అడుగక మానరు. సమాధానము నా వద్ద లేదు. పాడుకొన్న తల్లులకు ఆ లెక్కతో పని లేకపోయినది.

గుర్తుపట్టకపోవుట అను ఆ చిన్న విషయమును కల్పించినవారికి ఎదురుచూపు అనుభవముండి తీరవలెనని నా అభిప్రాయము. యానాంకు సమీపముననున్న కోరంగి రేవు పేరిటనే బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచిరి. రంగూనుకు ఓడలెక్కినవారిలో అత్యధికులు పురుషులే. ఇండ్లలో మిగిలినది భార్యలు. 1942లో జపాను దాడికి జడిసి అడవులదారిన కాలినడకన తరలి వచ్చినవారు కొందరు, దారిలోనే రాలినవారు కొందరు. నేడు గోదావరి జిల్లాల నుండి గల్ఫ్ దేశములకు ఇంటిపనికి వెళ్ళువారిలో స్త్రీలే ఎందరో. అట్టి ఇండ్లలో ఊర్మిళ స్థానమున భర్తయు, పసిబిడ్డలును ఉందురు.

బెంగాలున రవీంద్రుడు 1900లో 'కావ్యములలో ఉపేక్షితలు' అను అర్థము వచ్చు వ్యాసమున ఊర్మిళ పక్షము వహించెను. హిందీలో మైథిలీశరణ్ గుప్త 'సాకేత్' కావ్యమున ఆమె విరహమునకు పెద్దపీట వేసెను. తెలుగులో ఓల్గా రచించిన 'విముక్త' కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అందు ఊర్మిళ నిద్రించదు. తలుపులు మూసికొని, తన అనుమతి అడుగక వెళ్ళిన భర్తను గూర్చియు, అధికారమును గూర్చియు ఏండ్ల తరబడి ఆలోచించును. ఇది పాటకు పూర్తిగా ఎదురు దారి.

ఆ వనవాసమును త్యాగమందుము. అయితే రాముడు తండ్రి మాటకై వెళ్ళెను, సీతయు లక్ష్మణుడును పట్టుబట్టి వెంట వెళ్ళిరి. ఉండిపొమ్మన్నది ఊర్మిళను మాత్రమే. పాటలో భర్తను గుర్తించిన పిమ్మట ఆమె స్నానమాడి, అలంకరించుకొని, అందరితో కలిసి భోజనమునకు కూర్చుండును. కౌసల్య దగ్గరుండి అన్నియు చేయించును.