మాటలు లేని సంగీతం, మాటల్లో నిలిచిన చరిత్ర: బ్రెజిల్ 'షోరో' – పోస్ట్‌మ్యాన్ పుస్తకం నుంచి పాడ్‌కాస్ట్ వరకు

వ్యాససంగ్రహం:
బ్రెజిల్ వాద్యసంగీత సంప్రదాయాల్లో ప్రాచీనమైన షోరో 1870 ప్రాంతంలో రియో డి జనీరో నగరంలో రూపుదిద్దుకుంది. నేడు పాడ్‌కాస్టులు దీనిని కొత్త శ్రోతలకు పరిచయం చేస్తున్నాయి. సాహిత్యం లేని ఈ సంగీతానికి చరిత్ర చెప్పే మాటను ఏయే మాధ్యమాలు సమకూర్చాయి, అవి ఎవరిని నిలిపాయి, ఎవరిని విడిచాయి అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ముఖ్యపదాలు: షోరో, వాద్యసంగీతం, మౌఖిక చరిత్ర, రేడియో, ధ్వని భాండాగారం, పాడ్‌కాస్ట్.

1. ప్రవేశిక:
బ్రెజిల్ సంగీతమనగానే సాంబా, బోసా నోవా స్ఫురిస్తాయి. ఆ రెండింటికంటే ముందే రూపొందిన షోరోలో గానం లేదు. పాటలోని సాహిత్యం తన కాలాన్ని, సందర్భాన్ని కొంతవరకు తనతో మోసుకొస్తుంది. వాద్యరచనకు ఆ సదుపాయం లేదు. స్వరం వినిపిస్తుంది గాని, దాని వెనుక ఉన్న మనిషి కనిపించడు. కాబట్టి షోరో చరిత్రను అధ్యయనం చేసేవారు, ఆ సంగీతాన్ని గురించి చెప్పినవారి చరిత్రను కూడా చదవవలసి ఉంటుంది.

2. పెరటి గోష్ఠులు:
1845లో ఐరోపా నుంచి రియోకు చేరిన పోల్కా నృత్యసంగీతం అక్కడి ఆఫ్రికన్ సంతతి వాద్యకారుల లయలతో కలిసి కొత్త రూపం పొందింది. వేణువాద్యకారుడు జొవాకిం కల్లాదో (1848–1880) ఏర్పరచిన బృందం ఈ పరిణామానికి తొలి గుర్తు. వేణువు, రెండు గిటార్లు, 'కవాకీన్యో' అనే నాలుగు తంత్రుల చిన్న వాద్యం ఆ బృందంలోని సాధనాలు. కంజీరను పోలిన 'పాండేరో' తరువాతి కాలంలో చేరింది. వాద్యకారులలో ఎక్కువమంది తపాలా, సుంకం శాఖల్లోని చిరుద్యోగులు, సైనిక బ్యాండ్లలో పనిచేసేవారు. స్వరలిపి చదవగలిగినవాడు సాధారణంగా వేణువాద్యకారుడొక్కడే. మిగిలినవారు విని అనుసరించేవారు.

ఉన్నతవర్గాలు ఈ సంగీతాన్ని తమ భవనాల్లోకి సులభంగా రానివ్వలేదు. 1914లో అధ్యక్షుని భార్య నైర్ డి టెఫే, శికీన్య గొంజాగా (1847–1935) రచన 'కోర్తా-జాకా'ను అధ్యక్షభవనంలో గిటారుపై వాయించినందుకు సెనేటర్ రుయ్ బర్బోజా చట్టసభలోనే తీవ్రంగా ఆక్షేపించాడు.

3. పోస్ట్‌మ్యాన్ రాసిన చరిత్ర:
ఈ గోష్ఠుల తొలి చరిత్రకారుడు విద్వాంసుడు కాదు. అలెషాండ్రే గొన్‌సాల్వెస్ పింటో ఒక పోస్ట్‌మ్యాన్, ఔత్సాహిక వాద్యకారుడు. 1936లో ఆయన ప్రచురించిన 'ఓ షోరో' అనే జ్ఞాపకాల గ్రంథంలో తాను ఎరిగిన వందలాది వాద్యకారుల రేఖాచిత్రాలున్నాయి. వ్యాకరణదోషాలు, అక్షరదోషాలు విస్తారంగా ఉన్నా, ఈ గ్రంథానికి ప్రత్యామ్నాయం లేదు. ఎవరు ఏ వాద్యం వాయించారు, ఏ ఉద్యోగం చేశారు, ఎవరి ఇంట భోజనం బాగుండేది అనే వివరాలన్నీ ఇందులో ఉన్నాయి. విందు పెట్టని ఇంటిని గుర్తించడానికి వాద్యకారులు అక్కడ పొయ్యిమీద పిల్లి నిద్రపోతున్నదా అని వాకబు చేసేవారట. 'పొయ్యిలో పిల్లి లేవలేదు' అనే తెలుగు పలుకుబడి తెలిసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. సంగీతానికి ప్రతిఫలం పూట భోజనమే అయిన సామాజిక స్థితిని ఈ చిన్న వివరం పట్టిస్తుంది.

4. రికార్డు, రేడియో:
1902లో రియోలోని కాజా ఎడిసన్ సంస్థ గ్రామఫోన్ రికార్డుల ముద్రణను ప్రారంభించింది. ఆనాటి రికార్డు ఒక్కో వైపు దాదాపు మూడు నిమిషాలే పట్టేది. అనక్లేతో డి మెదేరోస్ నాయకత్వంలోని అగ్నిమాపకదళ బ్యాండ్ వంటి బిగ్గరి బృందాలు కొమ్ముబూరాలో స్పష్టంగా ముద్రితమయ్యేవి. గిటారు వంటి మృదువాద్యాలకు ఆ అవకాశం తక్కువ. యంత్రపరిమితి ఆ విధంగా చరిత్రపరిమితిగా కూడా మారింది.

పిషింగిన్య (1897–1973) స్వరపరచిన 'కారిన్యోజో' ఉదంతం మరింత విశేషమైనది. షోరోకు మూడు భాగాలుండాలన్నది ఆనాటి ఆచారం. తన రచనలో రెండే ఉండటంతో ఆయన దానిని చాలాకాలం బయటపెట్టలేదు. 1928లో వాద్యరూపంలో ముద్రితమైనప్పుడు అమెరికన్ జాజ్ ప్రభావముందని ఒక విమర్శకుడు తప్పుపట్టాడు. 1937లో జొవావ్ డి బారో సాహిత్యం సమకూర్చగా ఒర్లాండో సిల్వా పాడిన తరువాతనే అది దేశమంతటా ప్రసిద్ధమైంది. మాట చేరితే తప్ప స్వరానికి గుర్తింపు రాలేదన్నమాట.

రేడియో కేంద్రాల్లో షోరో బృందాలు గాయకులకు సహకారం అందించడానికి, కార్యక్రమాల మధ్య ఖాళీలు నింపడానికి ఉపయోగపడ్డాయి. 1947లో తుపీ రేడియోలో అల్మిరాంతే ప్రారంభించిన 'పాతతరం వారు' కార్యక్రమం ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. పిషింగిన్య బృందం వాయించగా, ప్రతి రచన పుట్టుపూర్వోత్తరాలను అల్మిరాంతే వివరించేవాడు. వాద్యం, వ్యాఖ్యానం ఒకదాని తరువాత ఒకటిగా సాగే నేటి సంగీత పాడ్‌కాస్టుకు ఇది స్పష్టమైన పూర్వరూపం.

5. భాండాగారం నుంచి పాడ్‌కాస్టుకు:
అల్మిరాంతే సేకరణ ఆధారంగా 1965లో రియోలో చిత్ర-ధ్వని మ్యూజియం ఏర్పడింది. మరుసటి ఏడాది నుంచి అది కళాకారుల మౌఖిక వాంగ్మూలాలను ముద్రించసాగింది. న్యాయస్థాన ఉద్యోగిగా జీవిస్తూ మాండలిన్ వాద్యంలో శిఖరాన్ని అందుకున్న జాకబ్ దో బందొలీం (1918–1969) సేకరణ కూడా అక్కడికే చేరింది. పిషింగిన్య వ్యక్తిగత పత్రాలను భద్రపరచిన మొరేరా సాలిస్ సంస్థ, తన ఇంటర్నెట్ రేడియో ద్వారా ధ్వని డాక్యుమెంటరీలను అందిస్తున్నది.

'పాడ్‌కాస్ట్' అనే మాట 2004లో వాడుకలోకి వచ్చింది. ప్రసారవేళతో నిమిత్తం లేకపోవడం, మూడు నిమిషాల పరిమితి లేకపోవడం దీని సౌలభ్యాలు. 1928 నాటి వాద్యరూపాన్ని, 1937 నాటి గానరూపాన్ని పక్కపక్కన వినిపించి భేదాన్ని చెవికే చూపవచ్చు. గ్రంథం ఈ పని చేయలేదు. అయితే గ్రంథంలో ఆధారసూచిక పుటలోనే ఉంటుంది. శ్రవణంలో అది మాయమవుతుంది. బ్రెజిల్ జాతీయ షోరో దినోత్సవం ఏప్రిల్ 23. పిషింగిన్య జన్మదినంగా ప్రసిద్ధమైన ఆ తేదీని 2000లో చట్టం ఖరారు చేసింది. ఆయన పుట్టినది 1897 మే 4 అని ఆ తరువాత జనన నమోదుపత్రం తెలిపింది. ఒకరి మాట విని మరొకరు చెప్పిన చరిత్రకు పత్రపరిశీలన ఎంత అవసరమో ఇది నిరూపిస్తుంది.

6. ముగింపు:
2024లో బ్రెజిల్ ప్రభుత్వ వారసత్వ సంస్థ షోరోను జాతీయ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఆ వారసత్వంలో వినిపించేది కొంతే. కల్లాదో మరణించిన 22 ఏళ్లకు గాని బ్రెజిల్‌లో రికార్డుల ముద్రణ మొదలుకాలేదు. నేడు వింటున్న కల్లాదో ఇతరుల చేతుల్లో పలికిన కల్లాదో మాత్రమే. వినిపించడానికి రికార్డు లేనివారిని పాడ్‌కాస్ట్ దాటిపోయే ప్రమాదముంది. పింటో గ్రంథంలోని చిరుద్యోగులలో అత్యధికులు ఈ కోవకు చెందినవారే. కావున ధ్వనిమాధ్యమంలో చరిత్ర చెప్పేవారు వాద్యకారుని పేరు, ముద్రణ సంవత్సరం, మూలప్రతి ఉన్న భాండాగారం విధిగా తెలపాలి. ధ్వని మిగలని వారి పేర్లనైనా చదివి వినిపించాలి. ఆ పోస్ట్‌మ్యాన్ తన పుస్తకంలో చేసిన పని అదే.