'సియాసత్' ఆబిద్ అలీ ఖాన్ సాహెబ్

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు మన ఇళ్ళలో 'సియాసత్' పేరు వినని వారుండరు. పొద్దున చాయ్‌తో పాటు ఆ పత్రిక చూడందే కొందరు పెద్దలకు రోజు గడిచేది కాదు. దాన్ని పెట్టిన మనిషి సంగతి మాత్రం మన పిల్లలకు తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం ప్రభుత్వం పోయింది. దానితోపాటే కచేరీలలో, ఉస్మానియా యూనివర్సిటీలో ఉర్దూకున్న దర్జా కూడా పోయింది. నౌకరీలు ఊడినవాళ్ళు కొందరు, పాకిస్తాన్ వెళ్ళిపోయినవాళ్ళు కొందరు, రేపేమవుతుందోనని బిక్కుబిక్కుమంటూ ఉన్నచోటనే ఉండిపోయినవాళ్ళు మిగతావాళ్ళు. అటువంటి రోజుల్లో, ఏడాదైనా తిరక్కుండానే, ఆబిద్ అలీ ఖాన్ గారు తమ స్నేహితులు మహబూబ్ హుసేన్ జిగర్ గారితో కలిసి ఉర్దూ దినపత్రిక మొదలుపెట్టారు. ఇద్దరూ అభ్యుదయ రచయితల ఉద్యమంలో పనిచేసినవారే. పత్రిక వెలువడిన తేదీ 1949 ఆగస్టు 15. మేమీ దేశం వాళ్ళమేనని చెప్పడానికి అంతకన్నా మంచి రోజు దొరకదని మా అభిప్రాయం.

ఆ కాలపు ఉర్దూ పత్రిక అంటే ఇప్పటిలా కంప్యూటర్ పని కాదు. కాతిబులు కూర్చుని ప్రతి అక్షరం చేత్తో రాయాలి, ఆ తరువాతే అచ్చు. రాత్రి ఆలస్యంగా ఏదైనా పెద్ద వార్త వచ్చిందంటే వాళ్ళ అవస్థ ఎట్లా ఉండేదో ఊహించుకోవచ్చు!

జిగర్ గారి ఇల్లు చూస్తే ఆ రోజులు అర్థమవుతాయి. ఒక తమ్ముడు ఇబ్రహీం జలీస్ పాకిస్తాన్ వెళ్ళి అక్కడ రచయితగా పేరు తెచ్చుకున్నారు. మరో తమ్ముడు ముజ్తబా హుసేన్ ఇక్కడే ఉండి 1962 నుంచి 'సియాసత్'లో హాస్యం రాశారు. ఆయనకు 2007లో పద్మశ్రీ వచ్చింది.

ఆబిద్ అలీ ఖాన్ గారు 1992లో కన్నుమూశారు. కుమారుడు జాహిద్ అలీ ఖాన్ గారు పత్రిక భారం ఎత్తుకున్నారు. 2009లో హైదరాబాద్ నుంచి లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. పత్రిక చదివేవాళ్ళంతా ఓటేస్తారా ఏమిటి! అయితే దిక్కులేని శవాలకు 'సియాసత్' మిల్లత్ ఫండ్ తరఫున కఫన్, దఫన్ చేయించిన పని ఎన్నికలకంటే పెద్దది. మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ గారు 2023 ఆగస్టు 7న గద్దర్ అంతిమయాత్రలో పాల్గొంటూ, అల్వాల్‌లో జనం రద్దీ మధ్య కుప్పకూలి ప్రాణం విడిచారు.

ఆబిద్ అలీ ఖాన్ గారి పేరిట ఏర్పడిన ట్రస్టు ఉర్దూ రానివాళ్ళ కోసం ఉర్దూ పరీక్షలు నడిపింది. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగు, ఇంగ్లీషు చదువుతారు. తాత చదివిన పత్రిక చేతికిస్తే అటూ ఇటూ తిప్పి పక్కన పెడతారు. ఈ వ్యాసం తెలుగులో రాయవలసి వచ్చింది కూడా అందుకే.